తీగె కొఱకు యంత్రమును పాఱవేయుటయా?

గడచిన వేసవి సెలవులలో నొకనాడు, ఉద్యోగవిరతులైన అయ్యవారొకరు అట్టపెట్టె నొకదానిని చంకనిడుకొని చిత్తూరులోని మా కార్యాలయమునకు వచ్చిరి. వారు నాకు చిన్ననాట లెక్కలు చెప్పినవారు. పెట్టెలో ఆస్తి దస్తావేజులున్నవి కాబోలునని నేను బల్లమీద చోటు చేసితిని. మూత తీయగా కనబడినవి దస్తావేజులు కావు. నల్లని ఆట యంత్రమొకటి, చేతబట్టి ఆడు మీటల పలకలు రెండు, క్యాసెట్లు ఆఱు, అడుగున కమురు వాసన గొట్టుచున్న అడాప్టరు ఒకటి.

ఆ యంత్రము సెగా సంస్థవారిది. 1988లో జపానునందు మెగా డ్రైవ్ అను పేరను, 1989లో అమెరికాయందు జెనిసిస్ అను పేరను వెలువడినది. అయ్యవారి కుమారుడు అమెరికాలో చదువుకొను కాలమున, పాతసరుకు అంగడిలో దానిని కొనెను. 2021లో కరోనా వ్యాధిచే అతడచ్చటనే గతించెను. కోడలును మనుమడును తిరుపతికి వచ్చి స్థిరపడిరి. వారి సామానులతోబాటు ఈ పెట్టెయు వచ్చినది. క్యాసెట్లలో నొకదానియందు తండ్రి సగము ఆడి నిలిపిన ఆట భద్రముగ నున్నదని ఆ పదియేండ్ల బాలునికి తెలియును. దానిని తాను ముగింపవలెనని వాని కోరిక.

అయ్యవారు అమెరికా అడాప్టరునకు మన గోడసాకెట్టులో నిమిడెడు పిన్నుల మార్పిడి తొడిగి స్విచ్చి వేసిరి. ఆ అడాప్టరు 120 వోల్టులకు చేయబడినది. మన ఇండ్లలో వచ్చునది 230 వోల్టులు. పిన్నులు మాఱినవి గాని వోల్టులు మాఱలేదు. అరనిమిషములో పొగ వచ్చినది. అదృష్టవశమున కాలినది అడాప్టరు మాత్రమే. పిమ్మట వారు యంత్రమును అంగడికి గొనిపోయి, చూపి, దీనికి సరిపడునది యిమ్మని యడిగిరి. అంగడివాడు 9 వోల్టుల అడాప్టరు నిచ్చెను. తొడుగు గుంతలో చక్కగ దూఱినది. స్విచ్చి వేయగానే యంత్రము శాశ్వతముగ మూగవోయినది. మరల పోయి యడుగగా నాతడిట్లనెను: “గుంత సరిపోయె, వోల్టులూ సరిపోయె. మిషనే పాతది అయ్యవారూ, దానికి నేనేం చేసేది?”

“నాయనా, దీనికి కేసేమైనా వేయవచ్చునా?” అని అయ్యవారు నన్నడిగిరి. ఆ ప్రశ్నకు నేనిచ్చిన ఉత్తరమును, ఆనాటినుండి నా మనస్సున మెదలుచున్న మఱికొన్ని మాటలను, పాఠకుల యెదుట నుంచుటకే ఈ వ్యాసము.

ముందుగా న్యాయము మాట. 1930వ సంవత్సరపు వస్తువిక్రయ చట్టము నేటికిని అమలులో నున్నది. దాని 16వ సెక్షను చెప్పునది సామాన్యుల కందఱకును తెలియవలసినది. కొనువాడు తన ప్రయోజనమును అమ్మువానికి తెలిపి, వాని నేర్పును నమ్మి కొనినపుడు, అమ్మువాడు ఆ జాతి సరుకును అమ్ముట వృత్తిగా గలవాడైనచో, ఆ సరుకు ఆ ప్రయోజనమునకు తగియుండవలెనను షరతు, నోటితో చెప్పకున్నను, ఆ బేరమున నిమిడియే యుండును. అయ్యవారు ఊరక “తొమ్మిది వోల్టులది యొకటి యిమ్ము” అని అడుగలేదు. యంత్రమును చూపి యడిగిరి. కావున చట్టము వారి పక్షముననే యున్నది. 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము క్రింద జిల్లా కమీషను నెదుట రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయలకు లోబడియున్నపుడు రుసుము లేదు. న్యాయవాదిని పెట్టుకొనవలెనను నిర్బంధమును లేదు. న్యాయవాదినై యుండి ఈ కడపటి మాట చెప్పుట నా వృత్తికి నష్టమే యైనను, సత్యమును దాచుట తగదు.

అయ్యవారు అంతయు విని, “రసీదు లేదు నాయనా, ఆ కుఱ్ఱవాడును చెడ్డవాడు గాడు, వానికి తెలియదు, అంతే” అనిరి. నిజము. వానికి తెలియదు. వానికి తెలుపవలసిన తయారీదారు తెలుపలేదు. కొన్న మనకును తెలియదు. ముగ్గురి యజ్ఞానము నడుమ చనిపోయిన తండ్రి ఆట నిలిచిపోయినది. చట్టము నష్టము జరిగిన పిమ్మట వచ్చునది. తెలివి నష్టమునకు ముందు రావలసినది. కావున తెలియవలసిన దేమో యిచట స్పష్టముగ చెప్పెదను.

మన రాయలసీమవారికి చెఱువు తెలియనిది గాదు. చెఱువులో నీటి యెత్తు వంటిది వోల్టు. పొలము త్రాగు నీరు వంటిది ఆంపియరు. పెద్ద చెఱువు క్రింద చిన్న మడి యుండవచ్చును. మడి తనకు వలసినంతయే త్రాగును. కాబట్టి యంత్రము 1.2 ఆంపియర్లు కోరినపుడు 2 ఆంపియర్లు ఈయగల అడాప్టరు తగిలించినను కీడు లేదు. అంతకు తక్కువ శక్తి గలదానిని తగిలించిన అడాప్టరు వేడెక్కి చెడును. నీటి యెత్తు పెరిగినచో తూము పగులును. అట్లే వోల్టులు మీఱిన యంత్రము చెడును. ఇచటనే మఱియొక మెలకువ గలదు. లోపల బరువైన ట్రాన్సుఫార్మరు గల పాతకాలపు సామాన్యపు అడాప్టర్లు, పైని 9 అని వ్రాసియున్నను, భారము లేనపుడు 12 వోల్టులు దాటి యిచ్చుట కలదు. కావున పై అక్షరములను మాత్రమే నమ్మక మీటరుతో కొలిచి చూచుట క్షేమము.

ఇక మూడవది, మన అయ్యవారిని ముంచినది: తొడుగు నడిమి సూది ధనమా, ఋణమా? నేడు బజారున దొఱకు అడాప్టర్లలో పెక్కింటికి నడుమ ధనము, వెలుపల ఋణము. జెనిసిస్ మొదటి నమూనాకు నడుమ ఋణము, వెలుపల ధనము. గుంత కొలత యొకటే యైనను విద్యుత్తు తల్లక్రిందులుగ ప్రవేశించును. అంతకంటె విడ్డూరమైన సంగతి వినుడు. అదే సంస్థ అదే యంత్రమునకు తెచ్చిన రెండవ నమూనాకు 10 వోల్టులు, వేఱు తొడుగు. దానికి నడుమ ధనము! ఒకే తల్లి బిడ్డలకు రెండు భాషలు నేర్పినట్లున్నది.

నాలుగవది, ఏ.సి. యా, డి.సి. యా అనునది. నింటెండో సంస్థవారు 1983లో జపానునందు విడుదలచేసిన ఫామికాము డి.సి. విద్యుత్తుతో నడచును. దానిని వేషము మార్చి అమెరికాకు పంపిన యంత్రమునకు మాత్రము 9 వోల్టుల ఏ.సి. అడాప్టరును జతచేసిరి. ఆ అడాప్టరును తెచ్చి ఫామికామునకు గాని, దాని ననుకరించిన యంత్రములకు గాని తగిలించుట చేతులార చంపుటయే. 1990 ప్రాంతములనుండి మన యూళ్లలోనికి మీడియా, సమురాయ్, లిటిల్ మాస్టర్ మున్నగు పేర్లతో వచ్చి, మా తరమువారిని వేసవి మధ్యాహ్నములందు నీడపట్టున కూర్చుండబెట్టిన టి.వి. గేములు ఆ ఫామికాము సంతతివే. ఇప్పటికిని ఎన్ని ఇండ్ల అటకలమీద నవి దుమ్ము గ్రోలుచున్నవో!

విద్యుత్తు సరిపడినను కథ ముగియదు. బొమ్మ రావలెను గదా. మన దేశమున 1982లో రంగుల దూరదర్శనము వచ్చినపుడు పాల్ అను పద్ధతి నవలంబించిరి. అమెరికాలో నుండినది ఎన్‌.టి.ఎస్‌.సి. పద్ధతి. అచటి యంత్రమును మన పాత పెట్టెకు తగిలించిన, బొమ్మ రంగు గోలుపోయి కనబడుటయో, తెరపై దొర్లుచుండుటయో జరుగును. నేటి పలుచని టి.వి.లలో పెక్కు రెండు పద్ధతులను గ్రహించును. గాని వానికి వేఱొక చిక్కు. పసుపుపచ్చ, తెలుపు, ఎఱుపు రంగుల మూడు గుంతలు వానివెనుక కనబడుట లేదు. వాని స్థానమున ఏ.వి. అని వ్రాసిన చిన్న గుండ్రని గుంత యొకటి యుండును. దానికి మూడు నల్లని గీతలుగల నాలుగు భాగముల తొడుగు కావలెను. ఆ నాలుగు భాగములలో బొమ్మ యేది, ధ్వని యేది, భూమితీగె యేది యనునది అన్ని తీగెలలో నొకే వరుసను లేదు. అంగడిలో చూచిన అన్నియు నొక్కటే. ఇంటికి తెచ్చిన బొమ్మ రావలసిన చోట గుఱ్ఱుమను ధ్వని వచ్చును. అట్టివేళ రంగు గుంతలను అటునిటు మార్చి చూచిన కొన్నిమార్లు బొమ్మ దొఱకును. భూమితీగెయే స్థానము దప్పియున్నచో మాత్రము తీగె మార్చుట తప్పదు.

హెచ్.డి.యం.ఐ. గుంత మాత్రమే గల టి.వి.కి నడుమ మార్పిడి పెట్టె కావలెను. ఇచటను ఉచ్చు గలదు. పాత ఏ.వి. బొమ్మను హెచ్.డి.యం.ఐ.గా మార్చు పెట్టె యొకటి, హెచ్.డి.యం.ఐ.ని పాత ఏ.వి.గా మార్చు పెట్టె మఱియొకటి. రెండును కవలలవలె నుండును. పైనున్న అక్షరముల వరుస మాత్రమే భేదము. ఆట యంత్రమునకు వలసినది మొదటిది. రెండవదానిని కొని, యంత్రము చెడినదని తలచి, యంత్రమును తూకమునకు వేసినవారిని నేనెఱుగుదును. మఱియు పాత యంత్రములు తెరకు పంపునవి 240 గీతల బొమ్మలు. చవుక మార్పిడి పెట్టెలు కొన్ని దానిని మామూలు 480 గీతల అల్లిక బొమ్మయని పొరబడి, అంచులు చెఱిపి, కదలిక నాలస్యము చేయును. ఇది యంత్రపు తప్పు గాదు. ఇక చేత తుపాకి పట్టి బాతులను కాల్చు ఆటను మఱచినవారుండరు. ఆ తుపాకి పాత గాజుగొట్టపు టి.వి.లో గీత వెంబడి గీతగా పరుగిడు వెలుతురును జూచి గుఱి తెలిసికొనును. పలుచని టి.వి. ముందు అది గ్రుడ్డిది. కావున పాత పెట్టె పనిచేయుచున్నంతవఱకు దానిని ఇంటినుండి గెంటకుడు.

సమానపు కొలతల సుఖమెట్టిదో చూపు దృష్టాంతములు ఈ యాటల లోకముననే కలవు. సోనీ సంస్థవారి ప్లేస్టేషన్ మొదటి, రెండవ, మూడవ యంత్రములకు వెనుక నుండు బొమ్మ గుంత ఒకే తీరుది. ఒక తీగె మూడు తరములకు పనికివచ్చును. 2000లో వెలువడి 2013 నాటికి తయారీ నిలిచిన ప్లేస్టేషన్ రెండవ యంత్రపు పెద్ద నమూనాకు వలసిన విద్యుత్ తీగెయో, 8 అంకె ఆకారపు మొన గలది. మన ఇంటి పాత టేపురికార్డరు తీగెయే దానికి సరిపోవును. అదే యంత్రము సన్నబడి వెలువడినపుడు మాత్రము, తొలి సన్నని నమూనాలకు 8.5 వోల్టులు, 5.65 ఆంపియర్లు ఇచ్చు ప్రత్యేకపు అడాప్టరు కావలసివచ్చెను. దాని నేటి పల్లెపట్టున తెచ్చుకొనుట యెట్లు? మనవారు మదరాసు రిచీ వీధికి రైలెక్కవలసినదే. కాసుల వస్తువునకు వందల దారిఖర్చు!

ఇంటి బల్బు చెడిన దిగులుపడువా డెవడును లేడు. ఏ యంగడి బల్బైనను ఏ యింటి హోల్డరులోనైనను ఇమిడును. అది కొలత యొకటిగ నుండుటచే గలిగిన స్వాతంత్ర్యము. రైలు మాటయు నట్టిదే. పూర్వము కాట్పాడి, చిత్తూరు, పాకాల, తిరుపతి మార్గము మీటరు గేజిగా నుండిన దినములలో, పెద్ద గేజి వచ్చిన చోటనెల్ల బండి మాఱి, మూటలు మోసిన బాధ పెద్దలకు జ్ఞాపకముండకపోదు. మార్గము ఒకే కొలత యైన పిమ్మట ఆ బాధ తీఱినది. అడాప్టర్ల విషయమున మనము నేటికిని గేజి మాఱు జంక్షనులోనే మూటలు మోయుచున్నాము.

కొందఱు మిత్రులు నన్ను పరిహసించిరి. “దేశమున నిన్ని యిక్కట్లుండగా పిల్లల పాత బొమ్మకు ఇంత చర్చయా?” అని. వారికి నా విన్నపమిది. మీ ఇంటి బీరువా క్రింది సొరుగును లాగి చూడుడు. అందు ఎన్ని నల్లని అడాప్టర్లు చిక్కులుపడి యున్నవి? ఏది రౌటరుది, ఏది సెట్‌టాప్ బాక్సుది, ఏది చనిపోయిన రేడియోది, మీకు తెలియునా? ఉబ్బసపు రోగికి ఆవిరిమందు పట్టు యంత్రపు అడాప్టరు చెడిన రాత్రి, సొరుగులోనుండి మఱియొకదానిని తీసి తగిలింప సాహసింతురా? ఆట యంత్రమున జరిగిన తప్పు రోగి యంత్రమున జరుగదని హామీ యేది? బొమ్మతో నేర్చిన పాఠము ప్రాణమును గాపాడవచ్చును.

మఱియొక అపాయమును చెప్పక తీఱదు. ఆట యంత్రపు మీటల పలకను పసివాడు గంటలతరబడి చేతబట్టుకొని యుండును. అడాప్టరు లోపల 230 వోల్టుల వైపునకును బిడ్డ చేతి వైపునకును నడుమ నుండునది ఒక సన్నని విద్యున్నిరోధక ఏర్పాటు మాత్రమే. లెక్కకు రాని చవుక సరుకులో ఆ యేర్పాటునందే పొదుపు చేయుదురు. ఇందుకే కేంద్రప్రభుత్వము 2012లో వెలువరించిన నిర్బంధ నమోదు ఉత్తర్వులో టి.వి.లతోబాటు వీడియో ఆటలను జేర్చి, 2014లో అడాప్టర్లను గూడ కలిపినది. భారతీయ ప్రమాణముల సంస్థ ముద్రయు, ఆర్ అను అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యయు లేని అడాప్టరును, అది యుచితముగ వచ్చినను, ఇంటికి తేకుడు.

ఇక వేఱొక వాదము కలదు. “ఇదంతయు గతించిన కాలపు గొడవ, యు.యస్.బి. సి తొడుగు వచ్చినది, ఇక అన్నియు నొక్కటియే” అని. ఇందు సత్యము లేకపోలేదు. ఐరోపా సమాఖ్యవారు 2022లో శాసనము చేసి, 2024 డిసెంబరు 28వ తేదీనుండి అమ్మకమునకు వచ్చు ఫోనులు మున్నగువానికి, చేతిలో నిమిడెడు ఆట యంత్రములకు గూడ, ఆ తొడుగును విధించిరి. మన ప్రమాణముల సంస్థయు 2023లో ఆ తొడుగునకు భారతీయ ప్రమాణమును ప్రకటించినది. సంతోషము. గాని శాసనము రేపు పుట్టబోవు బిడ్డకు పేరు పెట్టును. నిన్న పుట్టినవానికి అన్నము పెట్టదు. ఇప్పటికే ఇండ్లలో నున్న యంత్రముల గతి యేమి? వానిని పోగులుపెట్టి పాఱవేయుటయే పరిష్కారమందురా? 2023 ఏప్రిలు 1వ తేదీనుండి అమలునకు వచ్చిన ఈ-వ్యర్థముల నిబంధనలు ఆట వస్తువులకు గూడ వర్తించి, ఉత్పత్తిదారులపై భారము మోపినవి. అది చచ్చిన యంత్రమునకు చేయు అంత్యక్రియ. బ్రతికియున్నదానికి కర్మ చేయుట ధర్మము కాదు.

స్వదేశీ యను మాటకు మన పెద్దలు ఒక యర్థము నేర్పిరి: మన సీమలో చేసినదానిని కొనవలెనని. దానికి రెండవ యర్థమును మనము చేర్చవలసిన కాలము వచ్చినది: మన చేతికి వచ్చినదానిని మన చేతనే బాగుచేసికొనవలెనని. తిరుపతి చెంత రేణిగుంట, ఏర్పేడు ప్రాంతమున ఎలక్ట్రానిక్ పరిశ్రమలు నెలకొన్నవి. డిక్సన్ సంస్థ టి.వి.లను చేయుచున్నది, టి.సి.ఎల్. సంస్థ తెరల కర్మాగారమును నెలకొల్పినది. శ్రీసిటీలో 2015 నుండి చేతి ఫోనులు తయారగుచున్నవి. కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా సంస్థ బ్యాటరీలు దేశమంతట ప్రసిద్ధములు. ఇట్టి గడ్డపై నివసించు మనము, 9 వోల్టులది నడుమ ఋణముగల అడాప్టరు కొఱకు రైలెక్కి పరుగిడుట సిగ్గుచేటు గాదా? టి.వి.ని చేయగల జిల్లాకు తీగెను గుర్తింప తెలియకుండుట, వరి పండించిన యూర అన్నము వండ తెలియకుండుట వంటిది.

ఊరక విలపించుటవలన ఫలము లేదు. ఎవరెవరు చేయవలసినది యేమో చెప్పెదను.

తయారీదారులారా, అడాప్టరు మీద వోల్టు, ఆంపియరు, ఏ.సి. డి.సి. భేదము, నడిమి సూది గుర్తు, తొడుగు కొలత, ఈ యైదింటిని కంటికి కనబడు అక్షరములతో, వీలైన తెలుగున గూడ, ముద్రింపుడు. యంత్రము మీద ఆ గుంత ప్రక్కనే అవే యైదును ముద్రింపుడు. ఖర్చు సిరాబొట్టు.

వర్తకులారా, ఒక మల్టీమీటరును బల్లమీద నుంచుకొనుడు. యంత్రమును తెచ్చి చూపినవానికి, గుంతలో దూఱునో లేదో గాక, సరిపడునో లేదో చూచి యిండు. తెలియనపుడు తెలియదని చెప్పుట మీ గౌరవమునకు కొఱత గాదు. రసీదు మీద “ఈ యంత్రమునకు” అని వ్రాసి యిచ్చు అంగడికే మేము మరల వత్తుము.

ప్రభుత్వమువారు 2022 జూలైలో మరమ్మతు హక్కు విషయమై సంఘము నేర్పఱచి, సేద్యపు పనిముట్లు, ఫోనులు, గృహోపకరణములు, మోటారు వాహనములు అను నాలుగు రంగములను పేర్కొనిరి. అదే సంవత్సరము డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినమున, దానికొక వేదికను దెఱచిరి. వేదిక యనగా శాసనము గాదు. తయారీ నిలిపివేసిన యంత్రముల విద్యుత్తు కొలతలను, గుంతల తీగె వరుసలను ప్రజలకు వెల్లడింపవలెనని ఆజ్ఞాపించు ఒక్క నిబంధన చాలును. తాను అమ్మనిదానిని ఇతరులు బాగుచేయగూడదను హక్కు ఏ వర్తకునకును న్యాయము కాదు.

విద్యాలయములవారు, తిరుపతిలోని పాలిటెక్నిక్కు, విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాల, 2015లో ఆరంభమైన ఐ.ఐ.టి. మొదలుగాగలవారు, నెలకొక ఆదివారము తమ విద్యార్థులను వీధిలోనికి పంపుదురు గాక. పుస్తకమున వోల్టును చదివిన బాలుడు, అవ్వ యింటి సొరుగులోని అడాప్టరునకు చీటీ కట్టిన దినముననే ఆ చదువు చదువగును.

కడపట, మన పఠనమందిరములు. మా వీధి పఠనమందిరమున సేవకులము కొందఱము కలిసి, ఒక మీటరును, ఒక దస్త్రమును ఉంచితిమి. వచ్చినవారి యంత్రమేది, దానికి వలసినదేది, తొడుగు కొలత యెంత, ఏ తీగెతో బొమ్మ వచ్చినది అని అందు వ్రాయుచున్నాము. ఇంటికి పోయి ప్రతి అడాప్టరునకును దాని యంత్రపు పేరుతో చీటీ కట్టుకొనుమని కోరుచున్నాము. కాసు ఖర్చు లేదు. ఒకరి నష్టము పదుగురికి పాఠమైనపుడే అది నష్టముగ మిగులదు. ప్రతి యూరి పఠనమందిరమును ఇట్టి దస్త్రము నొకటి తెఱచినచో, సంవత్సరము తిరుగకముందే మన రెండు జిల్లాలకు ఒక నిఘంటువు తయారగును.

అయ్యవారి యంత్రమేమైనదని పాఠకు లడుగుదురు. తిరుపతిలో ముప్పదియేండ్లుగా టేపురికార్డర్లు బాగుచేయుచు వచ్చిన మెకానిక్కు ఒకరు దానిని విప్పి చూచిరి. లోపల విద్యుత్తును 5 వోల్టులకు దించు 7805 అను చిన్న భాగము, దాని చెంత కెపాసిటరు ఒకటి కాలినవి. తక్కినది క్షేమము. విడిభాగముల వెల నూఱు రూపాయలు దాటలేదు. అడాప్టరు తీగెను కత్తిరించి, ధనఋణములను మార్చి అతికి, మీటరుతో రెండుమార్లు కొలిచి, దానిమీద తెల్లని పట్టీ వేసి “సెగా, నడుమ ఋణము” అని తెలుగున వ్రాసిరి. బొమ్మ గుంత ఎనిమిది సూదుల డిన్ను తరగతిది. దానికి తీగెను ఆయనయే చేసియిచ్చిరి. మార్పిడి పెట్టె నొకటి నడుమ నుంచగా తెర వెలిగినది. తండ్రి నిలిపిన ఆట ఆ క్యాసెట్టులో చెక్కుచెదరక యుండెను. పిల్లవాడు వెంటనే ఆడలేదు. కొంతసేపు దానిని చూచుచు కూర్చుండి, పిమ్మట తాతగారిని ప్రక్కకు పిలిచి, రెండవ మీటల పలకను వారి చేతిలో బెట్టెనట.

సోదరులారా, ఆ యంత్రమును చెత్తకు వేసియున్నచో ఎవరును మనలను తప్పు పట్టియుండరు. పాతది, చెడినది, పోయినది అని యందుము. అట్లనుచు మనము ఎన్నింటిని పాఱవేసితిమో లెక్క లేదు. ఇకముందైనను ఒక యంత్రమును పాఱవేయుటకు పూర్వము ఒక్క ప్రశ్న వేసికొందము: చెడినది యంత్రమా, తీగెయా? ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పగలవాడు మన యూరనే, మన వీధిలోనే, పాత బల్ల వెనుక కూర్చుండి యున్నాడు. వాని యొద్దకు పోవుడు. తగిన కూలి యిండు. వానియొద్ద నేర్చుకొనుటకు మీ పిల్లల నొకనిని పంపుడు.